హైవే వదిలితే కళింగ తీరం

ఇచ్ఛాపురం నుంచి ఏటికొప్పాక దాకా, నదుల వెంట వారం రోజుల కారు ప్రయాణం

విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం సుమారు 250 కిలోమీటర్లు. పొద్దున్నే టిఫిన్ చేసి పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు ఒడిశా పొలిమేరలో ఉంటారు. దారి పొడవునా టోల్ గేట్లు, దాబాలు, పలాస దగ్గర జీడిపప్పు దుకాణాలు కనిపిస్తాయి. సముద్రం మాత్రం కంటపడదు. కుడిచేతి వైపు కొద్ది మైళ్ల దూరంలో అది వెంట వస్తూనే ఉంటుంది గానీ, ఆ సంగతి గూగుల్ మ్యాపులో చూసుకోవాల్సిందే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, సెలవులు దొరగ్గానే గోవాకో కేరళకో టికెట్లు తీసుకునే మనకు ఈ తీరం ఎప్పుడూ దాటిపోయే దారే. ఇక్కడి ఊళ్ల పుట్టుక తెలియాలంటే రోడ్డును కాసేపు పక్కనపెట్టి ఏర్లను చూడాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తనీ, శారద, వరాహ. అన్నీ తూర్పు కనుమల నుంచో, వాటి ఆవలి నుంచో దిగి బంగాళాఖాతంలో కలుస్తాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక రేవు, కాస్త ఎగువన గుట్ట మీద ఒక బౌద్ధారామం, ఇంకా పైన ఒక గుడో రాజధానో. ఈ వరస కొన్నిచోట్ల పూర్తిగా, కొన్నిచోట్ల సగం సగంగా కనిపిస్తుంది. వారం రోజుల ప్రయాణాన్ని ఈ లెక్కన వేసుకుంటే చూసిన ప్రతి చోటూ పక్కదానికి తోడై, కథ దానంతటదే కలుస్తుంది.

అందుకే నా సలహా ఇది. వెళ్లేటప్పుడు హైవే మీద ఒక్క బిగిన ఇచ్ఛాపురం దాకా పోండి. తిరిగి వచ్చేటప్పుడు ఏరు తర్వాత ఏరు దాటుకుంటూ, తీరిగ్గా దిగిరండి.

మొదటి రెండు రోజులు: ఉద్దానం, బారువ

బాహుదా ఒడ్డున ఉన్న ఇచ్ఛాపురం బజారులో బేరం ఒడియాలో మొదలై తెలుగులో ముగుస్తుంది. అక్కణ్నుంచి కవిటి వైపు మళ్లితే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస కలగలిసిన తోటల్లో రోడ్డు మీద ఎండ పడని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉద్దానం పేరు పత్రికల్లో కనిపించేది ఎక్కువగా కిడ్నీ జబ్బుల వార్తల్లో, లేదంటే 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను కథనాల్లో. ఆ రాత్రి లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి తోటల్లో పొడుగు చెట్ల మధ్య ఎత్తు తక్కువ చెట్లు గుంపులుగా కనిపిస్తే, అవి తుపాను తర్వాత వేసినవేమో అడిగి చూడండి. రైతు తేదీతో సహా చెబుతాడు.

రెండోరోజు బారువ. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇది. ఇప్పుడు దీపస్తంభం, కోటిలింగేశ్వరాలయం, కొబ్బరి తోటలు, చేపల పడవలు. ఆకాశం తేటగా ఉన్న రోజున పడమటి వైపు మహేంద్రగిరి కనిపిస్తుంది. ఎత్తు 1,501 మీటర్లు. ఏరు పుట్టిన చోటును, కలిసే చోటును ఒకే ఇసుక మీద నిలబడి చూడగల తావులు మన తీరంలో అరుదు.

మధ్యాహ్నానికి టెక్కలి దగ్గరి తేలినీలాపురం చేరండి. ఏటా సెప్టెంబరులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, ఎండలు ముదిరే ముందు వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెబుతారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని కూడా అంటారు. ఆ మాటలో ఒక కట్టుబాటు ఉంది: వాటి మీద ఎవరూ రాయి విసరరు. నవంబరు నుంచి జనవరి మధ్య వెళ్తే గూళ్లు నిండుగా ఉంటాయి.

మూడోరోజు: వంశధార

ఈ వారంలో ఒక్క రోజుకు మాత్రమే అలారం పెట్టుకోవాలంటే ఈ రోజుకే పెట్టుకోండి. పైన చెప్పిన వరస ఎక్కడా తెగకుండా కనిపించేది ఇక్కడే. రాజధాని, ఆరామం, రేవు, మూడూ ఒకే నది ఒడ్డున, ఒకే రోజు ప్రయాణంలో.

పొద్దున్నే శ్రీముఖలింగం. శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్లు. తూర్పు గంగరాజుల కళింగనగరం ఇదేనని చరిత్రకారుల మాట. పూరీలో జగన్నాథాలయాన్ని కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ గంగవంశం వాడే. ఆయన కాలంలోనే ఏలుబడి కటకం వైపు తరలింది. రాజులు వెళ్లిపోయారు, మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు మాత్రం మిగిలాయి. మధుకేశ్వరాలయం ముందు నిలబడితే మనకు అలవాటైన అంతస్తుల గోపురం ఉండదు. నిలువుగా లేచి, పైన లోపలికి ఒరిగి, గుండ్రటి ఆమలకంతో ముగిసే కళింగ శిఖరం. భువనేశ్వర్ గుళ్లకు దగ్గరి చుట్టం. లోపలికి వెళ్లే తొందరలో ద్వారబంధాలను దాటేయకండి. రాతిలో లతలు మెలికలు తిరుగుతూ పైకి పాకుతాయి. ఒక్కో మెలికలో ఒక్కో చిన్న బొమ్మ. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ చెక్కడం లోతు తెలుస్తుంది. మిట్ట మధ్యాహ్నం అదే రాయి చదునుగా కనిపిస్తుంది, పైగా అప్పటికి గుడి తలుపులు మూస్తారు.

అక్కణ్నుంచి నది వెంట కిందికి దిగితే శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున గుట్ట మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడి, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసిన గిడుగు పంతులే. పాఠ్యపుస్తకంలో ఆయన గురించి చదువుకున్న పిల్లలు మీతో ఉంటే ఇక్కడ ఆ మాట చెప్పండి. పునాదుల్లో ఇటుకలను స్వస్తిక ఆకారంలో పేర్చిన స్తూపం దగ్గర ఒక నిమిషం ఎక్కువ ఆగండి. కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలున్నాయి. తొలినాళ్ల బౌద్ధం నుంచి వజ్రయానం దాకా ఇక్కడ శతాబ్దాల తరబడి జనం మసిలారనడానికి అవే సాక్ష్యం.

గుట్ట మీది నుంచి తూర్పుకు చూస్తే ఏరు వెడల్పై సముద్రం వైపు సాగుతుంటుంది. ఆరామానికి ఈ చోటెందుకు ఎంచుకున్నారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. రేవులో దిగిన వర్తకుడికి గుట్ట కనిపించాలి, గుట్ట మీది భిక్షువుకు రేవు అందుబాటులో ఉండాలి. ఐదారు కిలోమీటర్లు పోతే ఆ రేవే, కళింగపట్నం. నదీముఖం, దీపస్తంభం, పాత గోదాముల ఆనవాళ్లు. బ్రిటిష్ కాలం దాకా ఇక్కడ సరుకు ఎక్కింది, దిగింది. తర్వాత ఓడలు పెద్దవయ్యాయి. మొగల్లో ఇసుక మేట వేసింది. 1890లలో వేసిన రైలుమార్గం తీరానికి లోపలగా పోయి సరుకును తనవైపు లాగేసుకుంది. ఈ తీరంలో రేవు తర్వాత రేవు మూతపడిన కథ దాదాపు ఇంతే.

నాలుగో రోజు: నాగావళి చుట్టూ

శ్రీకాకుళం పట్టణాన్ని నాగావళి చీల్చుకుపోతుంది. పట్టణానికి ఆనుకునే అరసవల్లి. ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు తెల్లవారి ఎండ నేరుగా సూర్యనారాయణస్వామి పాదాల మీద పడుతుంది. ఆ రోజుల్లో వెళ్తే జనం మధ్య ఎండ కనబడటమే గగనం. మామూలు రోజున గుడిని నింపాదిగా చూడొచ్చు.

శ్రీకూర్మం ఇక్కడికి పదమూడు కిలోమీటర్లు. కూర్మావతారానికి గుడి ఉండటమే అరుదు, అందులోనూ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. మండపం స్తంభాల నిండా గంగరాజుల కాలపు శాసనాలు. వాటిలో 1281 నాటిది ఒకటి నరహరితీర్థుల గురించి చెబుతుంది. ద్వైత మఠాధిపతి అయిన ఈయన కళింగ రాజ్య పాలనలో పాలుపంచుకున్నవాడు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. పిల్లలు స్తంభాలను వదిలేసి అక్కడే పాతుకుపోతారు, కానివ్వండి.

మధ్యాహ్నం పొందూరు. ఖద్దరు దుకాణంలో పంచె కొనుక్కుని వచ్చేయకుండా, వడికే ఇంటికి తీసుకెళ్లమని అడగండి. గింజ తీయని పత్తిని ఒకామె వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతుంది. అరచేతిలో ఇమిడే ఎముక, దాని మీద సన్నటి పళ్లు. నాలుగుసార్లు దువ్వేసరికి నలుసులు రాలి, పోగులన్నీ ఒకవైపుకు ఒదుగుతాయి. ఇనుప దువ్వెన పెడితే పోగు తెగుతుందట. ఆ తర్వాత గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి పట్టలో పెట్టుకుని రాట్నం ముందు కూర్చుంటారు. నూరో నంబరుకు అటూఇటూ ఉండే సన్నటి నూలు అలా వస్తుంది. ఈ పనితనం చూసి రమ్మని గాంధీజీ తన కుమారుడు దేవదాస్‌ను ఇక్కడికి పంపారు. ధర ఎక్కువనిపిస్తే, ఒక్క పంచెకు ఎన్ని చేతులు పడ్డాయో ఆ ఇంట్లోనే లెక్క వేసుకోండి.

ఐదో రోజు: విజయనగరం

ఈ రోజు తీరానికి కాస్త ఎడంగా. పొద్దున రామతీర్థం: కింద రామాలయం, పైన గురుభక్తుల కొండ మీద బౌద్ధ, జైన శిథిలాలు. చంపావతి దాటి విజయనగరం చేరితే 1713లో కట్టడం మొదలుపెట్టిన కోట, 1919లో పుట్టిన సంగీత కళాశాల. దీనికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. గురజాడ ఇల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది. కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో, ఇక్కడే. బొబ్బిలి కూడా చూడాలనుకుంటే ఇంకో రోజు కలుపుకోండి, ఈ వారంలో ఇరికించవద్దు.

ఆరో రోజు: గోస్తనీ

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి భీమిలిలో సముద్రం చేరే ఏరు గోస్తనీ. దారిలో పద్మనాభం. 1794 జూలై 10న కంపెనీ సేనలతో తలపడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయింది ఈ మైదానంలోనే. రోడ్డు పక్కనే ఆయన సమాధి ఉంది, చూసి కదలండి.

భీమునిపట్నానికి పూట సరిపోదు. పదిహేడో శతాబ్దంలో వచ్చిన డచ్చివాళ్లు 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించేదాకా ఇక్కడ వర్తకం చేశారు. వాళ్ల సమాధుల మీద రాతలు అరిగిపోయినా, ఓడలు, కవచాల బొమ్మలు చెక్కిన పలకలు కొన్ని మిగిలాయి. గంటస్తంభం, దీపస్తంభం, 1861 నాటి మునిసిపాలిటీ, అన్నీ నడిచి చూడగలిగే దూరంలోనే ఉన్నాయి. ఊరి వెనక పావురాలకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు. రేవు, దానికి కాపు కాసినట్టు గుట్ట మీద ఆరామం, వంశధార దగ్గర చూసిందే మళ్లీ.

విశాఖ వెళ్లే బీచ్ రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి. సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ వచ్చిన వేల ఏళ్ల లెక్క ఆ ఇసుక పొరల్లో ఉంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ఈ దిబ్బల మీద ఎక్కి రీల్స్ తీసుకోవడం మానితే, అవి ఇంకొన్నాళ్లుంటాయి. సాయంత్రానికి తొట్లకొండ. 1970లలో నౌకాదళం స్థలం కోసం సర్వే చేస్తుంటే బయటపడిన ఆరామం ఇది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. భిక్షువుల గుట్ట మీదికి రోమ్ డబ్బు ఎలా వచ్చిందో, కళింగపట్నం చూసి వచ్చిన మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఏడో రోజు: విశాఖ, శారద, వరాహ

పొద్దున్నే విశాఖ పాత నగరం వైపు, రాస్ హిల్ ఎక్కండి. చర్చి, వెంకటేశ్వరాలయం, దర్గా పక్కపక్క కొండల మీద ఉంటాయి, కింద హార్బరు. ఉప్పుటేటిని తవ్వి లోతు చేసి 1933లో తెరిచిన ఓడరేవు ఇది. అంతకుముందు ఓడలు నడిసముద్రంలో నిలిస్తే సరుకును పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. ఇసుక కొట్టుకురాకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశారు. మిగతా రేవులను మింగిన ఇసుకను ఈ ఒక్క రేవు ఎదుర్కొంది, అందుకే మిగిలింది. ఈ తీరంలోనే 2023లో శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు విషయంలోనూ చూడాల్సింది ఈ పోరాటాన్నే.

తర్వాత అనకాపల్లి దగ్గర శంకరం. బొజ్జన్నకొండ మీద రాతి గుట్టనే తొలిచి స్తూపాలుగా మలిచారు. 1907లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపాడు. శారద దాటి, వరాహ ఒడ్డున లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకతో ప్రయాణం ముగించండి. లేతు మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే రంగు కరిగి పట్టేస్తుంది.

వెళ్లే ముందు కొన్ని మాటలు

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. రాత్రి బసకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో అన్ని తరగతుల హోటళ్లూ ఉన్నాయి. పలాస, టెక్కలిలో లాడ్జిలతో సర్దుకోవాలి. గుళ్లు మధ్యాహ్నం మూస్తారు కాబట్టి వాటిని పొద్దున పెట్టుకుని, గుట్టలను సాయంత్రానికి ఉంచుకోండి. ఏరు కలిసే మొగల దగ్గర నీళ్లలోకి దిగవద్దు. పైకి నిమ్మళంగా కనిపించినా అడుగున లాగేస్తుంది, బెస్తవాళ్లే అక్కడ ఈదరు.

సెలవు వారం దొరక్కపోతే ఏం తగ్గించాలని చాలామంది అడుగుతారు. విజయనగరం మరో ప్రయాణానికి వదిలేయండి, ఏటికొప్పాక రాజమండ్రి వెళ్లేటప్పుడు చూసుకోవచ్చు. విశాఖ ఎటూ పోదు. రెండే రోజులున్నా సరే, రెండూ వంశధారకే ఇచ్చేయండి. ముఖలింగం నుంచి కళింగపట్నం దాకా ఆ ఒక్క ఏటిని చూసినవారికి, మిగతా ఏడు ఏర్ల దగ్గర దేనికోసం వెతకాలో తెలిసిపోతుంది.