పద్మినికి కొత్త పెట్రోల్ పడట్లేదు!

పాత కారు ఫ్యూయల్ సిస్టమ్‌ని ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తే ఎలా ఉంటుంది? ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ నాలుగు వీకెండ్ల అనుభవం.

బంకులో పెట్రోల్ పేరు మారలేదు. లోపలి సరుకు మాత్రం మారింది. 2022 నాటికి మన పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన ‘ఈ20’ మొదలైంది. ఇప్పుడు దాదాపు ఎక్కడ కొట్టించినా అదే. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కొత్త కార్లలో పైపులు, సీళ్లు దీన్ని తట్టుకునేలా చేస్తున్నారు. మరి మా తాతయ్య 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని సంగతేంటి?

తెనాలి దగ్గర మా ఊళ్లో ఆ కారు షెడ్డు వంటింటి గోడకి ఆనుకునే ఉంటుంది. కొన్నాళ్లుగా అక్కడ పెట్రోల్ వాసన. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చేది, తర్వాత రోజూ. గోడకి ఇవతల గ్యాస్ స్టవ్వు. అమ్మ ఒకటే మాట చెప్పింది: “ఒరేయ్, సంక్రాంతిలోపు ఆ బండైనా బాగుచెయ్యి, పాత ఇనప్పోళ్లకైనా ఇచ్చెయ్యి. నాకు పొయ్యి వెలిగించాలంటే భయమేస్తోంది.” అమ్మ భయంలో తప్పేం లేదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. కిందకి దిగి నేల వెంబడే పాకుతుంది. ఎక్కడో నిప్పు తగిలితే చాలు.

నాన్న ఏం మాట్లాడలేదు. ఆ కారులోనే ఆయన పెళ్లికి వెళ్లారు, ఆ కారులోనే నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. అమ్మేయమని ఆయన నోటితో అనలేరని నాకు తెలుసు.

ఒక్క కంప్యూటరూ లేని కారు

పద్మిని అసలు పుట్టుక ఇటలీలో. అక్కడి ఫియట్ 1100 డిజైన్‌ని ముంబైలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి తయారుచేసింది. 1970లలో ‘ప్రీమియర్ పద్మిని’ అన్న పేరొచ్చింది. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. ముంబైలో నలుపు, పసుపు ట్యాక్సీగా మాత్రం 2023 అక్టోబర్ దాకా తిరిగింది.

1,089 సీసీ ఇంజిన్. సెన్సర్ లేదు, ఈసీయూ లేదు. వెనకున్న ట్యాంకు నుంచి పైపులో పెట్రోల్ ముందుకొస్తుంది. ఇంజిన్‌కి బిగించిన పంపు దాన్ని లాగుతుంది. ఆ పంపుకి కరెంటు అక్కర్లేదు. లోపల క్యామ్ తిరుగుతూ ఒక మీటని నొక్కుతుంది, మీట ఒక రబ్బరు పొరని కిందికీ పైకీ ఆడిస్తుంది. అదే డయాఫ్రమ్. అక్కణ్ణుంచి పెట్రోల్ కార్బ్యురేటర్‌లోని చిన్న గిన్నెలోకి చేరుతుంది. గిన్నె నిండగానే ఫ్లోట్ పైకి తేలి, నీడిల్ వాల్వ్‌ని మూస్తుంది. మన ఇళ్లమీద నీళ్ల ట్యాంకులో బంతి వాల్వ్ ఉంటుంది చూశారా, అచ్చం అదే. గిన్నెలోంచి జెట్ అనే సన్నటి బెజ్జం ద్వారా పెట్రోల్ గాలిలో కలిసి ఇంజిన్‌లోకి వెళ్తుంది.

ఇథనాల్ ఈ దారి పొడవునా ఇబ్బంది పెడుతుంది. పాత తరహా రబ్బరుని ఉబ్బిస్తుంది, గట్టిపరుస్తుంది. గాల్లోని తేమని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఆటోనగర్ గురువు

కార్బ్యురేటర్ పని తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ. మన కార్లు ఎప్పుడో ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. 2020లో బీఎస్6 వచ్చాక కొత్త బైకుల్లోనూ కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది. విజయవాడ ఆటోనగర్‌లో అడగ్గా అడగ్గా డెబ్బై దాటిన ఒక మేస్త్రి గారు దొరికారు. వాళ్లబ్బాయి స్కానర్ పెట్టి కొత్త కార్లు చేస్తాడు. ఈయన మాత్రం చెవి పెట్టి చేస్తారు.

“నేను చెయ్యను బాబూ, చూపులు ఆనట్లేదు. నువ్వు చెయ్యి, నేను చెప్తా” అన్నారు. అలా కుదిరింది ఒప్పందం. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కడం, శనివారం పొద్దున్నే పని మొదలెట్టడం.

ఆయన మొదటి రూల్: షెడ్డులో కాదు, ఆరుబయట పని. బ్యాటరీ వైరు తీసెయ్యాలి. పక్కన ఇసక బకెట్టు ఉండాలి. రెండో రూల్: ఖాళీ ట్యాంకుకి వెల్డింగ్ జోలికి పోకూడదు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే డేంజర్, ఎందుకంటే లోపల మిగిలింది ఆవిరి, గాలి.

ట్యాంకు, పైపులు

ట్యాంకులోంచి తీసిన పెట్రోల్‌ని గాజు సీసాలో పోసి గంటసేపు వదిలేశాం. అడుగున నీళ్ల పొర, దాని మీద ఎర్రటి తుప్పు. సగం జబ్బు అక్కడే కనిపించింది.

ట్యాంకుని బాగా కడిగి, ఆవిరి పూర్తిగా పోయాక, వెనిగర్ పోసి, ఒక చిన్న గొలుసు వేసి ఊపాం. ఒక రోజు నానబెట్టి, సోడా నీళ్లతో కడిగి ఎండబెట్టాం. ఎండిన వెంటనే కొంచెం ఇంజిన్ ఆయిల్ లోపలంతా పట్టించాం. లేకపోతే శుభ్రమైన ఇనుముకి పూటలోనే మళ్లీ తుప్పు పడుతుంది.

పాత రబ్బరు పైపు వంచితే పెచ్చులుగా విరిగింది. దాని బదులు ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టం వేశాం. ఇథనాల్‌ని తట్టుకునే లోపలి పొర దానికుంటుంది. పంపుకి ముందు కొత్త ఫిల్టర్ ఒకటి.

పంపు

పంపు విప్పేముందు రెండు సగాల మీదుగా ఆకురాయితో ఒక గీత గీయించారు. మళ్లీ బిగించేటప్పుడు ఆ గీతలు కలవాలి, లేకపోతే పైపులు తప్పు దిక్కు చూస్తాయి. లోపల డయాఫ్రమ్ ఎండిన అప్పడంలా ఉంది, అంచున చిన్న చీలిక. ఈ చీలిక పెద్దదైతే పెట్రోల్ బయటికి కారడమే కాదు, ఇంజిన్ ఆయిల్‌లోనూ కలుస్తుంది. ఆయిల్ పల్చబడితే బేరింగులు పోతాయి. డిప్‌స్టిక్ వాసన చూడమని మెకానిక్‌లు అనేది ఇందుకే.

రెండు చోట్ల నుంచి రిపేర్ కిట్లు తెచ్చాను. “బిగించకముందు పెట్రోల్‌లో నానెయ్యి” అన్నారు మేస్త్రి గారు. రెండు డయాఫ్రమ్‌లనీ బంకులో కొట్టించిన పెట్రోల్‌లోనే రాత్రంతా ఉంచాం. పొద్దునకి ఒకటి గారెలా ఉబ్బి ఉంది. రెండోది మారలేదు. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే టెస్టింగ్ అంటాం. ఆయన ఆ పని నేను పుట్టకముందు నుంచీ చేస్తున్నారు.

బిగించేటప్పుడు మీటని పూర్తిగా నొక్కి పట్టుకుని, స్క్రూలని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. అప్పుడే రబ్బరుకి కదిలే చోటు సరిగ్గా ఉంటుంది. చివర్లో పెట్రోల్ వచ్చే వైపు వేలు పెట్టి మీట నొక్కాం. వేలిని పట్టి లాగింది. పంపు పాస్.

కార్బ్యురేటర్

అసలు పరీక్ష ఇక్కడే. విప్పే ప్రతి మెట్టుకీ ఫోన్‌లో ఫొటో తీశాను. మేస్త్రి గారు మాత్రం అమ్మని పాత ఇడ్లీ ప్లేటు అడిగారు. ఒక్కో గుంటలో ఒక్కో భాగం, విప్పిన వరుసలో. ఫొటోలకంటే అదే ఎక్కువ పనికొచ్చింది.

జెట్లు ఇత్తడివి. మీద ఒక నంబరు ఉంటుంది, మిల్లీమీటరులో వందో వంతు లెక్కన బెజ్జం సైజు. 120 అని ఉంటే 1.20 మిల్లీమీటర్లు. అందుకే వాటిని సూదితో, ఇనప తీగతో పొడవకూడదు. కాస్త గీరుకున్నా లెక్క మారిపోతుంది. కార్బ్ క్లీనర్ స్ప్రే, గాలి, మరీ మొండికేస్తే చేపల గాలానికి వాడే నైలాన్ దారం. అంతే.

ఫ్లోట్‌ని వేడినీళ్లలో ముంచితే బుడగలు రాలేదు. అంటే చిల్లు లేదు. దొంగ నీడిల్ వాల్వ్‌లో దొరికింది. దాని మొన చుట్టూ చిన్న గాడి పడి, గిన్నె నిండినా పూర్తిగా మూసుకోవట్లేదు. పొంగిన పెట్రోల్ వేడి ఇంజిన్ మీద చుక్క చుక్కగా పడుతోంది. అమ్మకి వాసన వస్తున్నది అక్కణ్ణుంచే, పంపు చీలిక దానికి తోడు. ఇన్నాళ్లు అంటుకోకపోవడం మా అదృష్టం.

వాల్వ్, దాని సీటు రెండూ జతగా మార్చాం. థ్రాటిల్ కడ్డీ అరిగి ఊగుతుంటే, ఆటోనగర్‌లో లేత్ మీద ఇత్తడి బుష్ చేయించాం. అడుగు భాగం వంకర పోయిందేమోనని గాజు పలక మీద సన్న ఎమెరీ కాగితం పరిచి రుద్ది సమం చేశాం.

లెక్క, ప్లగ్గు రంగు

నా చదువు పనికొచ్చింది ఒక్క చోట. పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిపితే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి పెట్రోల్ ఇంకాస్త ఎక్కువ పోయాలి, సుమారు 9 శాతం. కొత్త కార్లలో కంప్యూటర్ ఆ పని చేసుకుంటుంది. పద్మినిలో జెట్ బెజ్జం పెంచాల్సిందే. వ్యాసం 4 శాతం పెరిగితే విస్తీర్ణం 8 శాతం పైనే పెరుగుతుంది. 120 జెట్ ఉన్నచోట 125 అన్నమాట.

ఇదంతా పేపర్ మీద వేసి చూపిస్తే మేస్త్రి గారు నవ్వి, “ప్లగ్గు విప్పి రంగు చూడు బాబూ” అన్నారు. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదు, మసి పడితే ఎక్కువైంది, లేత గోధుమ రంగు ఉంటే సరి. మాది తెల్లగా ఉంది. ఒక సైజు పెద్ద జెట్ వేసి పది కిలోమీటర్లు తిప్పి వచ్చాక గోధుమ రంగుకి తిరిగింది. నా లెక్క, ఆయన కన్ను ఒకే మాట చెప్పాయి.

వాసన పోయింది. అమ్మ రెండు రోజులు షెడ్డులోకి వెళ్లి వాసన చూసొచ్చి, మూడో రోజు మాట్లాడటం మానేసింది. మా ఇంట్లో అది ఆమోదం కిందే లెక్క. నాన్న ఇప్పుడు ఆదివారాలు తెనాలి మార్కెట్‌కి అందులోనే వెళ్తున్నారు.

కాగితాల గొడవ ఇంకా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్‌కి బండి వయసు 50 ఏళ్లు దాటాలి. మాకు 2036 దాకా ఆగాలి. అప్పటిదాకా ఫిట్‌నెస్, ఆర్సీ రెన్యువల్ చేయించుకుంటూ నెట్టుకురావాలి.

మీ ఇంట్లో పాత బండి ఉందా?

• పెట్రోల్ వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు. ముందు బండిని నిప్పుకి దూరంగా ఆరుబయటికి నెట్టి, తర్వాత బ్యాటరీ తీయండి.

• రబ్బరు పైపుని వేళ్లతో వంచి చూడండి. పగుళ్లున్నా, జిగటగా ఉన్నా మార్చేయండి.

• డిప్‌స్టిక్‌కి పెట్రోల్ వాసన ఉంటే ముందు పంపు, తర్వాత కార్బ్యురేటర్ చూపించండి. ఆయిల్ కూడా మార్చాలి.

• రెండు వారాలకోసారైనా బండిని కాసేపు నడపండి. నెలల తరబడి కదపకపోతే కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

• మీ ఊళ్లో కార్బ్యురేటర్ తెలిసిన మేస్త్రి ఉంటే, బండి బాగున్నప్పుడే ఒకసారి వెళ్లి కలవండి. ఆయన చేతిపని నేర్చుకునే టైమ్ ఇంకా ఉంది.