తొలితరం మోటారు కార్లు – చూడవలసిన తీరు

తాపీ నది ఉత్తర తీరాన ఉన్న అమ్రోలిలో తెల్లవారింది మొదలు వాహనాల రొద ఆగదు. మరమగ్గాల బట్టల మూటలను మోసుకుపోయే టెంపోలు, వంతెన దాటి సూరత్ నగరంలోకి సాగిపోయే స్కూటర్లు, కార్లు – వీటి నడుమ నివసించే మాకు మోటారు బండి ఒక వింతగా తోచదు. అయితే మా భవన సముదాయంలో ఒక మూల టార్పాలిన్ కింద నిలిచిపోయిన కారు మా ఆలోచనను వేరొక దారికి మళ్ళించింది.

అది మా సహోద్యోగి తండ్రిగారు 1968లో కొన్న ఫియట్. స్థలాభావం వల్ల దానిని పాత ఇనుము వ్యాపారికి అమ్మివేయాలని ఇంటివారు నిశ్చయించారు. తూకానికి ఎంత వస్తుందన్నదే అప్పటి చర్చ. ఆ తరుణంలోనే అహమ్మదాబాదు చెంత కఠ్వాడాలో, కీర్తిశేషులు ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన పాత కార్ల ప్రదర్శనశాలను మేము సకుటుంబంగా దర్శించడం తటస్థించింది. నూరుకు పైబడిన ఆ వాహనాలను చూచిన పిమ్మట తూకం మాట మరల ఎవరి నోటా రాలేదు.

గుర్రం లేని బండి

1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల వాహనానికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశాడు. 954 ఘనపు సెంటీమీటర్ల ఒంటి సిలిండరు ఇంజను. శక్తి ముప్పావు హార్స్ పవర్. గరిష్ఠ వేగం గంటకు 16 కిలోమీటర్లు. అదే ఏడాది గాట్లీబ్ డైమ్లర్ గుర్రపు బండికే ఇంజను అమర్చాడు.

అయితే ఆ యంత్రాన్ని లోకం నమ్మేట్లు చేసినది బెంజ్ సతీమణి బెర్తా. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా, ఇద్దరు కుమారులను వెంట నిడుకొని, ఆమె మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. ఇంధనాన్ని వీస్లాక్‌లో మందుల దుకాణంలో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రపరచింది. బ్రేకులు అరిగితే చర్మకారుని చేత తోలు తొడిగించింది. ఎత్తుల వద్ద పిల్లలు బండిని తోశారు. ఆ అనుభవంతోనే బెంజ్ తరువాత మరొక గేరు చేర్చాడు. నడిపి చూచినవారి మాటే యంత్రానికి మెరుగు దిద్దుతుందన్నది మన కర్మాగారాలలోనూ నిత్యానుభవమే కదా!

మన నేలపై

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నేటికీ దర్శనమిస్తుంది. దీనిని ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరగా, 1911లో ఆయన మరణించడంతో కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఆ రోజులలో కంపెనీ చట్రాన్ని, ఇంజనును మాత్రమే ఇచ్చేది. పైకట్టడం వేరు సంస్థల పని. ఈ కారుకు బార్కర్ సంస్థ వారు వెనుక సింహాసనం వంటి ఆసనాన్ని అమర్చారు. చట్రం ఒకరిది, పనితనం మరొకరిది.

పాత కారును చూచేటప్పుడు పాఠకులు మెరుపును గాక వివరాలను గమనించవలెనని మా మనవి. తొలినాటి కార్లలో అనేకం కర్ర చక్రాలవి. వాటి ఆకులు మన ఎడ్లబండి చక్రాన్ని తలపిస్తాయి. దీపాలు కార్బైడుకు నీరు తగిలి పుట్టే వాయువుతో వెలిగేవి. ముందున్న ఇనుప పిడి చేతితో తిప్పి ఇంజనును లేపడానికి. అది ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. 1912లో క్యాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు వచ్చిన తరువాతనే ఆ ప్రమాదం తగ్గసాగింది.

కొత్త భాగాలు అమర్చి నిగనిగలాడిస్తే ఈ చరిత్ర చెరిగిపోతుంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు సైతం 50 ఏళ్ళు దాటి, మౌలిక రూపం మారని వాహనాలకే వింటేజ్ గుర్తింపు కల్పించాయి. వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చును గాని నిత్య ప్రయాణానికి గాని, వ్యాపారానికి గాని వాడరాదు.

మా సహోద్యోగి ఫియట్‌పై టార్పాలిన్ తొలగింది. ఇంజను ఇంకా పలుకలేదు. కాని గత ఆదివారం ఆయన మాతృమూర్తి ముందు సీటులో కాసేపు కూర్చొని, ఈ కారులోనే తాను పురిటికి వెళ్ళానని మనుమలకు చెప్పారు. పాత ఇనుము వ్యాపారి త్రాసు ఈ మాటను తూచలేదు. మీ ఇంటి మూలన అటువంటి బండి ఉంటే, అమ్మేముందు ఒక్కసారి దాని కథ అడిగి తెలుసుకోండి.