ఏ కాలపు గూడూరు?

కోట అనే ఊరికి రైలు లేదు. ఎక్కాలంటే గూడూరు జంక్షన్‌కు పోవాల్సిందే. ఆ జంక్షన్‌ను బల్ల మీద చిన్నగా కట్టాలనుకునే వాళ్ళు పట్టాలు కొనకముందే ఒకటి తేల్చుకోవాలి: అది ఏ ఎరా, అంటే ఏ కాలపు గూడూరు?

ఎరాకు రెండు లెక్కలున్నాయి. బొమ్మ రైళ్ళు సేకరించేవాళ్ళు ఫ్యాక్టరీ చరిత్రను చూస్తారు. జాషువా లయొనెల్ కోవెన్ న్యూయార్క్‌లో 1900లో పెట్టిన లయొనెల్ కంపెనీ, యుద్ధ సామగ్రి చేయడం కోసం 1942లో బొమ్మల తయారీ ఆపేసింది. అంతకు ముందు వచ్చినవి ప్రీవార్. వాటిలో తళతళలాడే ఎనామెల్ రంగుల రేకు పెట్టెలే అందం. 1945 నుంచి 1969 దాకా వచ్చినవి పోస్ట్‌వార్. పొగ వదిలే ఇంజన్లు, ప్లాస్టిక్ పెట్టెలు ఆ కాలానివే. 1970లో తయారీ జనరల్ మిల్స్ చేతికి పోయింది. అక్కడి నుంచి మోడ్రన్. 1860ల నాటి ఆవిరి ఇంజన్ రూపంతో 1959లో వచ్చిన 'జనరల్' కూడా ఈ లెక్కలో పోస్ట్‌వారే. బొమ్మ దేన్ని పోలి ఉందన్నది కాదు, ఎప్పుడు పుట్టిందన్నదే ముఖ్యం.

1957లో ఆడపిల్లల కోసమని లయొనెల్ గులాబి రంగు ఇంజన్‌తో ఒక సెట్ తెచ్చింది. పిల్లలకు నిజం రైలు లాంటిదే కావాలనిపించింది, అది అమ్ముడుపోలేదు. ఇవాళ సేకర్తలు వెతుక్కునేది దాన్నే, అదీ అసలు రంగు చెదరకుండా, అట్టపెట్టెతో సహా. రంగు మళ్ళీ వేస్తే ఎంత బాగున్నా విలువ పడిపోతుంది. ఇది సరైన పద్ధతే అంటాను. ఆ పాత రంగే కదా బొమ్మ పుట్టిన కాలానికి సాక్ష్యం.

మోడల్ కట్టేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళ గడియారం నిజం రైలుది. యూరప్‌లో ఈ కాలాలను రోమన్ అంకెలతో ఎపాక్‌లుగా విభజించారు. మన గూడూరుకు అలాంటి విభజన ఇంజన్లే చేసి పెడతాయి. 1960లైతే ముక్కు పొడుచుకొచ్చిన డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్. తర్వాత డబ్ల్యూడీఎం-2 డీజిల్. 1980 ప్రాంతంలో పైన కరెంటు తీగలు వచ్చాక డబ్ల్యూఏఎం-4. ఆ తీగల కింద ఎర్ర పెట్టెలకు బదులు నీలం పెట్టెలు నిలబెడితే 1990ల తర్వాతి గూడూరవుతుంది.

ఇక కొలత. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ 1891లో గేజ్‌లకు, అంటే పట్టాల మధ్య దూరాలకు, అంకెలిచ్చింది. ఒకటో నంబరు 45 మిల్లీమీటర్లు. దానికన్నా చిన్నది వచ్చేసరికి సున్నా అన్నారు, 32. అందులో దాదాపు సగం 'హెచ్ఓ', 16.5. ఇది 1435 మిల్లీమీటర్ల యూరప్ పట్టాను 87తో భాగిస్తే వచ్చేది. మన బ్రాడ్‌గేజ్ 1676. అదే లెక్కన 19.3 మిల్లీమీటర్లు కావాలి. బజారులో దొరికే హెచ్ఓ పట్టా మీద మన డబ్బాలు పెడితే కింద చక్రాలు దగ్గరగా కనిపిస్తాయి. గూడూరును నిక్కచ్చిగా కట్టాలంటే పట్టా కూడా చేత్తోనే పరచుకోవాలి.