పండుఈగలను గుర్తించుట ఎట్లు?

మామిడిపండు పైకి నిగనిగలాడుచుండును. కోసి చూచినచో గుజ్జు కుళ్ళి, తెల్లని పురుగులు మెదలుచుండును. బీర, కాకర పాదులలో లేత పిందెలు వంకరపోయి, పసుపుబారి రాలిపోవును. రెండు చోట్లను రైతు చెప్పు మాట ఒకటే: “పండుఈగ పడినది.” కాని మామిడికి పట్టు ఈగయు, బీరకు పట్టు ఈగయు ఒకటి కావు. ఒకదానికి పనిచేయు ఎర రెండవదానికి పనిచేయదు. ఈ తేడా తెలియక ఎర కట్టినచో ఖర్చే గాని ఫలము లేదు.

పండుఈగ వలన నష్టము తోటతో ఆగదు. సరకులో పండుఈగలు, మరికొన్ని పురుగులు కనబడినందున ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుండి మన దేశపు మామిడి, కాకర, పొట్ల, వంగ, చేమలను దిగుమతి చేసికొనుట నిలిపివేసినది. మామిడిపై నిషేధము 2015లో గాని తొలగలేదు.

ఈగను సంపాదించు విధము

పురుగు పట్టిన కాయలను నాలుగైదింటిని తెచ్చి, తడి ఇసుక పరచిన వెడల్పు మూతి సీసాలో ఉంచి, పలుచని గుడ్డ కట్టవలెను. పురుగులు కాయను వదలి ఇసుకలో దూరి కోశస్థ దశకు పోవును. రెండు మూడు వారములలో ఈగలు బయటకు వచ్చును. రంగులు తేరుటకు ఒకటి రెండు దినములు ఆగి, భూతద్దముతో చూడవలెను. బుట్టలో పడిన ఈగ పొరుగు తోటది కావచ్చును. మీ కాయనుండి వెలువడినదే మీ పంటకు శత్రువు.

పండుఈగ ఇంచుమించు ఇంటిఈగయంత ఉండి, పసుపు గుర్తులతో చిన్న కందిరీగను పోలియుండును. కుళ్ళిన పండ్లపై ముసురు, నువ్వుగింజంత ఈగలు వేరు. వానిని చూచి కంగారు పడనక్కరలేదు.

గుర్తులు

మొదట వీపు చూడవలెను. రెండు ప్రక్కల రెండు పసుపు చారలు మాత్రమే ఉన్నచో అది మామిడి, జామ తోటల ఈగ. ఆ రెండింటి నడుమ మూడవ పసుపు చార కూడ ఉన్నచో అది తీగజాతి కూరగాయల ఈగ. దీనిని శాస్త్రజ్ఞులు జ్యూగోడాకస్ కుకర్బిటే అందురు. దీని రెక్క అంచున ఉన్న చార కొనయందు మచ్చగా వెడల్పగును.

రెండు చారల ఈగలలో మన తోటలలో ముఖ్యమైనవి మూడు. రెక్క ముందంచు వెంబడి సన్నని నల్లచార కొనవరకు తెగక సాగినచో అది బాక్ట్రోసెరా డార్సాలిస్. చార మధ్యలో తెగి, కొనయందు విడిగా మచ్చ ఉన్నచో జొనేటా గాని, కరెక్టా గాని అయియుండును. అప్పుడు ముఖము చూడవలెను. జొనేటా ముఖముపై రెండు గుండ్రని నల్లచుక్కలు విడివిడిగా ఉండును. కరెక్టాకు అవి అడ్డముగా సాగి గీతవలె కనబడును.

వంటి రంగును మాత్రము నమ్మరాదు. ఒకే జాతిలో నలుపు మొదలు ఎరుపు గోధుమ వరకు రంగు మారవచ్చును. ఈ చిక్కు పండితులకును తప్పలేదు. 2003లో కెన్యాలో కనబడిన ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని క్రొత్త పేరు పెట్టిరి. అది డార్సాలిసే అని 2015లో తేల్చిరి.

ఎరను ఎన్నుకొనుట

బీహారులోని పూసాలో పనిచేసిన హౌలెట్ అను కీటక శాస్త్రజ్ఞుడు, సిట్రొనెల్లా నూనెకు మగ పండుఈగలు మూగుటను 1912లో ప్రకటించెను. ఆ ఆకర్షణకు మూలము మిథైల్ యూజినాల్ అని 1915లో తెలిపెను. మన తులసి ఆకులోను ఈ పదార్థము కలదు.

పైన చెప్పిన రెండు చారల ఈగలు మూడింటికిని మిథైల్ యూజినాల్ ఎర పనిచేయును. మూడు చారల ఈగ దీనికి రాదు. దానికి క్యూ-ల్యూర్ అను ఎర కావలెను. బీరపందిట మిథైల్ యూజినాల్ కట్టినచో చుట్టుప్రక్కల మామిడి ఈగలు వచ్చి బుట్ట నిండును. రైతు సంతోషించును. పిందెలు మాత్రము రాలుచునే ఉండును.

జపాను ఒకినావా దీవులలో డార్సాలిస్ మగ ఈగలను ఎరలతో చంపి 1986 నాటికి ఆ జాతిని నిర్మూలించిరి. తీగజాతి ఈగకు ఆ పద్ధతి చాలలేదు. గొడ్డు ఈగలను పెంచి వదలుట ద్వారా 1993 నాటికి దానిని నిర్మూలించిరి.

రైతులు చేయవలసినది

ఎరకు వచ్చునవి మగ ఈగలే. కాయలో గ్రుడ్లు పెట్టునవి ఆడ ఈగలు. కావున కాయలు పక్వమునకు రాకముందే ఎరలు కట్టవలెను. ఒక్క తోటలో కట్టినచో పొరుగు తోట ఈగలు వచ్చుచుండును గనుక, ఊరివారందరు కలిసి కట్టుట మేలు. తీగజాతి ఈగ క్యూ-ల్యూరునకు అంత ఆశగా రాదు. కావున కూరగాయల పాదులలో ఎరతో సరిపెట్టుకొనక, పిందెలకు సంచులు తొడుగుట కూడ మంచిది.

ఈగ ఏదైనను రాలిన కాయలను ఏ పూటకు ఆ పూట ఏరి లోతుగా పాతిపెట్టవలెను. చెట్ల పాదులు త్రవ్వినచో నేలలోని కోశములు ఎండకు, పక్షులకు బలియగును. మందు చల్లదలచినచో, ఆ పంటపై దాని వాడకమునకు అనుమతి ఉన్నదో లేదో వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనవలెను.

రైతు సోదరులారా! ఎర కొనుటకు ముందు కాయను సీసాలో ఉంచుడు. వెలువడిన ఈగ వీపున చారలు రెండో, మూడో లెక్కించుడు. ఆ పిమ్మటనే అంగడికి వెళ్ళుడు.