శ్రమను గూర్చిన పరిశోధనకు ధనసహాయము

షికాగో నగరమున నొక బట్టల దుకాణములో పనిచేయు ఇల్లాలిని తలచుకొనుడు. రేపు తనకు పని యున్నదో లేదో ఆమెకు నేడు తెలియదు. కొలది గంటల ముందు దుకాణమునకు ఫోను చేసి, "ఈ పూట రావలెనా, అక్కఱలేదా?" యని యడుగవలెను. రమ్మన్నచో పరుగెత్తవలెను; వలదన్నచో, బిడ్డను చూచుటకు పిలిపించిన మనిషిని పంపివేసి, ఆనాటి కూలి పోగొట్టుకొని యింట కూర్చుండవలెను. దీనికి అచ్చట 'ఆన్‌కాల్ షిఫ్టు' అని పేరు. గంటకిచ్చు వేతనమెంత హెచ్చినను, వారమునకెన్ని గంటలు దొరకునో తెలియనప్పుడు ఇంటి అద్దెకు లెక్క వేసికొనుట యెట్లు?

వేళల నిలుకడ, దేహరక్షణ, పని నేర్చి పైమెట్టునకు పోగల దారి, ఇవన్నియు జీతముతోపాటు ఉద్యోగపు మంచిచెడ్డలను నిర్ణయించుననుట నేడు విద్వాంసుల మాట. కాని వేళలు స్థిరపఱచినచో తనకు నష్టము రాదా యని యజమాని యడుగును. అది న్యాయమైన ప్రశ్నయే. దానికి పరీక్షచే సమాధానము చెప్పవలెనన్న, నెలల తరబడి లెక్కలు వ్రాయువారు కావలెను, వారిని పోషించు ధనము కావలెను. ఆ ధనము తఱచుగా ధర్మనిధుల నుండి గ్రాంటు రూపమున వచ్చుచున్నది.

జోన్ విలియమ్స్, సూసన్ లాంబర్ట్, శరవణన్ కేశవన్ అను పరిశోధకులు, కెలాగ్ ఫౌండేషన్, రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ మొదలగు సంస్థల సహాయముతో, 2015-16లో గ్యాప్ అను బట్టల కంపెనీకి చెందిన శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతముల 28 దుకాణములలో అట్టి పరీక్ష నడపిరి. రెండు వారములు ముందుగా వేళలు తెలుపుట, ఆన్‌కాల్ పద్ధతి మానుట అన్నింటికిని వర్తించెను. లాటరీ పద్ధతిచే ఎంచిన 19 దుకాణములలో మాత్రము షిఫ్టుల ఆద్యంతములను స్థిరపఱచి, కొందఱికి వారమునకు 20 గంటలకు తగ్గకుండ పని చూపుటకు యత్నించి, పనివారు తమలో తాము షిఫ్టులు మార్చుకొను వీలు కల్పించి, తక్కిన తొమ్మిదింటిని పోలికకై విడిచిరి. 2018లో ఫలితము వెల్లడియైనది: మార్పు జరిగినచోట అమ్మకములు సుమారు 7 శాతము పెరిగినవి. ఇంతకన్న నన్ను కదలించిన విషయ మొకటి కలదు. వేళలు తాఱుమాఱగుటకు బేరమునకు వచ్చువారే కారణమని అందఱును తలచుచుండగా, అందులో పెద్దపాలు ప్రధాన కార్యాలయము నుండి వచ్చు సరకుల గందరగోళము వలనను, కడపటి క్షణమున మార్చు అమ్మకపు పథకముల వలనను, పై యధికారుల రాక వలనను కలుగుచున్నదని తేలెను. ఎవరో ధనమిచ్చి చూడుమననిదే ఇది కంటబడెడిది కాదు.

ధర్మనిధులు ఇట్టి పరిశోధనకు ధనమిచ్చుట నేడు పుట్టిన మార్గము కాదు. 1907లో మార్గరెట్ ఒలీవియా సేజ్ అను వితంతువు, భర్త విడిచిన సంపద నుండి కోటి డాలర్లు వెచ్చించి రసెల్ సేజ్ ఫౌండేషనును నెలకొల్పెను. ఆ సంస్థ ధనముతో సాగిన పిట్స్‌బర్గు సర్వేలో క్రిస్టల్ ఈస్ట్‌మన్ అను యువ న్యాయవాది, ఆ నగరమున్న అలెఘనీ కౌంటీలో ఒక్క యేడాదిలో పనిలో మడిసిన 526 మంది వృత్తాంతములను విచారించెను. వారిలో 195 మంది ఉక్కు కర్మాగారములవారు. ఆమె గ్రంథము 1910లో వెలువడినది. కార్మిక పరిహార చట్టములకు బలమిచ్చిన సాక్ష్యములలో అది ముఖ్యమైనది.

అయితే ధనమిచ్చిన చేయి ఫలితమును శాసింపరాదు. అట్లు శాసించినచో ఆ పరిశోధన ప్రకటనపత్రమగును.

మన దేశమున కార్మిక నాయకుడై రాష్ట్రపతి పదవి నలంకరించిన వి.వి. గిరి పేర నోయిడాలో శ్రమ పరిశోధనకై జాతీయ శ్రామిక సంస్థ కలదు. దుకాణములలో పనిచేయువారికి కూర్చుండు హక్కును కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను చట్టము చేసి యిచ్చినవి; కాని ఆ హక్కు ఆచరణలో ఎట్లున్నదో కొలిచి చూడవలెను. గుడులకును, అన్నసత్రములకును ధారాళముగా నిచ్చు మన దాతలు, ప్రొద్దుటినుండి రాత్రివఱకు నిలుచుండి మనకు చీరలు విప్పి చూపు ఆడపిల్లల దినచర్యను ఒక యేడాదిపాటు శ్రద్ధగా కొలిచి వ్రాయించుటకై ఒక చిన్న నిధిని కేటాయింపవలెనని నా విన్నపము.