ఆట మనది, రాత ఎవరిది?

సారపాకలో కాగితం మిల్లుంది. గోదావరి దాటితే భద్రాచలం. ఈ చుట్టుపక్కల వాడల్లో, గూడేల్లో కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లలకు కొదవ లేదు. పేపరొస్తే ముందుగా ఆటల పేజీ తిప్పేదీ వాళ్ళే. మరి ఆ పేజీ రాసేదెవరు? మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మేం కూడా ఈ ప్రశ్న ఆలస్యంగానే అడిగాం.

అమెరికా నల్లజాతివాళ్ళు దీన్ని ఎప్పుడో అడిగారు. వాళ్ళలో పత్రికా రచయిత వెండెల్ స్మిత్ బతుకు మనకు పాఠం.

స్మిత్ 1914లో డెట్రాయిట్‌లో పుట్టాడు. బేస్‌బాల్‌లో బంతి విసరడంలో దిట్ట. 1933లో ఒక మ్యాచ్‌ని 1-0తో గెలిపించాడు. చూడొచ్చిన పెద్ద క్లబ్బు మనిషి ఓడిన జట్టులో బంతి విసిరినవాణ్ణి తీసుకున్నాడు, గెలిచిన స్మిత్‌ని తీసుకోలేనన్నాడు. కారణం రంగు.

1937లో స్మిత్ నల్లజాతి వారపత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో చేరాడు. మనల్ని రానివ్వని జట్ల ఆటకు టిక్కెట్లెందుకు కొంటున్నామని 1938లో సొంతవాళ్ళనే నిలదీశాడు. తెల్ల ఆటగాళ్ళు ఒప్పుకోరన్నది యజమానుల సాకు. 1939లో ఆ తెల్ల ఆటగాళ్ళనే, మేనేజర్లనే కలిసి అడిగాడు. ఎక్కువమంది అభ్యంతరం లేదన్నారు. వరసగా అచ్చేశాడు. సాకు వట్టిదని తేలిపోయింది. తిట్టి ఊరుకోలేదు, అబద్ధాన్ని సాక్ష్యంతో పట్టుకున్నాడు. అదీ అతని పద్ధతి.

1945లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీకి జాకీ రాబిన్సన్ పేరు చెప్పినవాడు స్మిత్. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ మైదానంలో దిగాడు. కానీ స్మిత్‌కు మాత్రం విలేకరుల గదిలో కుర్చీ లేదు. రచయితల సంఘం కార్డు దినపత్రికలవాళ్ళకే ఇచ్చేది. ఆ దినపత్రికలేమో నల్లవాళ్ళను తీసుకునేవి కావు. పైకి కులం, రంగు ఊసెత్తని నిబంధనే తలుపు ఎట్లా మూసేస్తుందో చూడండి! చికాగో దినపత్రికలో చేరాకే, 1948లో కార్డొచ్చింది. అయినా ఊరుకోలేదు. ఫ్లోరిడా శిక్షణ శిబిరాల్లో నల్ల ఆటగాళ్ళకు వేరే బస ఎందుకని 1961లో రాశాడు. 1972లో చనిపోయాడు. బేస్‌బాల్ రచయితల అత్యున్నత అవార్డు 1993లో, పోయిన 21 ఏళ్ళకు దక్కింది.

ఇక మన సంగతి. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకరుల్లో దళితుడి కోసం వాకబు చేస్తే ఒక్కరూ దొరకలేదు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన ఇద్దరు గురుకుల విద్యార్థుల్లో మాలావత్ పూర్ణ గిరిజన బిడ్డ, ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత బిడ్డ. శిఖరం ఎక్కేవాళ్ళకు మనలో లోటు లేదు. ఆ కథ రాసే చోట మనవాళ్ళేరి?

టీచర్లకు మేం చెప్పేదొక్కటే. ఈసారి మండల పోటీలకు పిల్లల చేత నోట్‌బుక్కు పట్టించండి. ఎవరు గెలిచారో రాయించండి. ఎవర్ని ఎంపిక చెయ్యలేదో, ఎందుకో, ఎంపిక చేసినవాళ్ళనే అడిగి, జవాబు తేదీతో సహా రాయించండి. స్మిత్ మొదలుపెట్టింది అట్లాగే.