వేరు లోతుకు దిగనిద్దాం

పలమనేరు పొలాల్లో టమోటా నారు నాటితే రెండు, రెండున్నర నెలల్లో కోతకొస్తుంది. చింత గింజ వేసినవాడు మాత్రం ఏళ్ల తరబడి ఆగాల్సిందే. పిల్లల విశ్వాసం ఏ పంటలాంటిది?

ఉత్తర ధ్రువం దాపున చెట్లు పెరగని టండ్రా నేలల్లో మాస్ క్యాంపియన్ అనే మొక్క ఉంది. చలిగాలికి నేలను కరచుకుని పచ్చని దిండులా పెరుగుతుంది. ఎండ కాస్తే ఆ దిండు లోపల బయటికన్నా వెచ్చగా ఉంటుంది. అది ముందు వేరును లోతుకు దించుతుంది, గులాబీరంగు పూత ఆ తర్వాతే. అలాస్కాలో 300 ఏళ్లు దాటిన మొక్కలున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా.

దీన్ని తోటల్లో పెంచేవారు నీరు నిలవని గులకనేలలో నాటుతారు. ఎరువు ఎక్కువైతే పూత తగ్గుతుంది. వేరూనాక పెకలిస్తే బతకడం కష్టం.

బెంగళూరు వెళ్లిన బిడ్డ ఆరాధన మానేశాడని మన సంఘాల్లో ఎందరో తల్లులు కన్నీటితో ప్రార్థిస్తున్నారు. అయితే ప్రతి ఫోన్‌లోనూ ప్రసంగమే చేస్తే అది ఎక్కువైన ఎరువే. విశ్వాసం ఉందా లేదా అని నిలదీయడం వేరు పెరికి చూడడమే. కాయని అంజూరానికి ఎరువు వేస్తానన్న తోటమాలి కూడా ఇంకో ఏడాది గడువడిగాడు (లూకా 13:6-9). ఏ మొక్కకు ఏది కావాలో తెలిసినవాడే తోటమాలి. ఓపిక మాత్రం అన్నిటికీ కావాలి.

బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు మన ఇల్లు ఆ దిండులా వెచ్చగా ఉండాలి. ముందు అన్నం పెడదాం. కుటుంబ ప్రార్థనలో పేరెత్తి దేవునికి అప్పగిద్దాం. నాటడం, నీళ్లు పోయడం మన వంతు. పెంచడం ఆయన పని (1 కొరింథీ 3:6-7).